తీగ ఊరికొచ్చింది.. ఊరి చేతికి రావాలె!

(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా!



మేం పత్రికోళ్లం. పెన్ను పట్టిన చేత్తోనే జెండా పట్టినోళ్లం. 2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మేమున్నం. అదే ఏడు సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె నడిస్తే మీ టెంట్ల కింద మీతోటి కూసున్నం. ఆనాడు మైకు ఇస్తే నీళ్ల గురించి మాట్లాడేటోళ్లం, నిధుల గురించి, నియామకాల గురించి మాట్లాడేటోళ్లం. ఇయ్యాల తీగ గురించి మాట్లాడుతం అంటే "ఇదేం ముచ్చట?" అని కొందరికి అనిపించొచ్చు. కానీ ఇయ్యాల ఆ మూడూ తీగ మీదికెళ్లే వస్తున్నయి. భూమి రికార్డు తీగ మీద ఉన్నది. కూలి డబ్బులు తీగ మీద వస్తున్నయి. కొలువుకు దరఖాస్తు తీగ మీద పోతున్నది. తీగ ఎవరి చేతిలో ఉంటే హక్కు కూడా వాళ్ల చేతిలోకే పోతున్నది. అందుకే ఇది మన ముచ్చటే.

పంచాయతీ ఆఫీసులో తాళమేసిన పెట్టె

మేం వార్తల కోసం ఊర్లు తిరుగుతం. పంచాయతీ ఆఫీసుకు పోతే మూలకు ఒక ఇనుప పెట్టె కనపడ్తది. అందులోకి ఒక తీగ వచ్చి ఆగి ఉంటది. "ఇదేంది?" అని అడిగితే "నెట్టుది సార్" అంటరు. "నడుస్తుందా?" అంటే నవ్వుతరు. తాళం చెవి ఎవరి దగ్గరున్నదో ఒకరికి తెల్వది. కరెంటు పోతే ఎవరు చూడాలో తెల్వది. పొక్లెయిన్ తగిలి తీగ తెగితే ఎవరికి ఫోన్ చెయ్యాల్నో గోడ మీద రాసి లేదు. ఒక ఊర్లోనైతే ఆ పెట్టె మీద బతుకమ్మ చీరల కట్టలు పెట్టిన్రు. తప్పు పట్టలేదు మేం. పనికిరాని పెట్టెను కనీసం బల్లగానన్న వాడుకున్నరు.

ఈ పెట్టెకు పెద్ద చరిత్ర ఉన్నది. 2011 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గం జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఆమోదం తెలిపింది. దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకు తీగ ఏస్తమన్నరు. మన సమ్మె నడుస్తున్న అక్టోబరే అది! 2015లో దాని పేరు భారత్‌నెట్ అయింది. 2023 ఆగస్టులో సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్లు మంజూరు చేసిన్రు. ఢిల్లీ లెక్కలు చూస్తే రెండు లక్షలకు పైగా పంచాయతీలు 'సర్వీస్ రెడీ'. ఈ 'రెడీ' అనే మాటతోనే మన పంచాయితీ. పొయ్యి మీద ఎసరు పెట్టి "బువ్వ రెడీ" అంటే కడుపు నిండుతదా? తీగ ఆఫీసు దాక వచ్చుడు వేరు, మనిషి చేతికి అందుడు వేరు.

ఈ పైసలు ఎవరివి అనేది కూడా ఇక్కడే చెప్పుకోవాలె. సర్కారు దయతోటి ఇస్తున్నదేం కాదు. టెలికాం కంపెనీల సవరించిన ఆదాయంలో నూటికి అయిదు రూపాయలు సార్వత్రిక సేవల నిధికి జమ అయితయి. 2002 నుంచి నడుస్తున్న ఆ నిధికి 2023 టెలికాం చట్టం డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టింది. కంపెనీలకు ఆదాయం యాడికెళ్లి వస్తది? మనం ఏసుకునే రీఛార్జి నుంచి వస్తది. మేకలు కాసే పిలగాడు ఏయించుకునే రీఛార్జిలో కూడా దాని వాటా ఉన్నది. మన పైసతోటి ఏసిన తీగ గురించి అడిగే హక్కు మనకు ఉన్నది.

హైటెక్ సిటీ పాఠం

ఉమ్మడి రాష్ట్రంలో మనం ఒక పాఠం చూసినం. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన్రు. దేశదేశాల నుంచి వచ్చి ఫోటోలు దిగిన్రు. పట్నంలో ఈ-సేవ కేంద్రాలు పెట్టి బిల్లులు ఒక్క కిటికీ దగ్గర కట్టొచ్చు అన్నరు. అదే కాలంలో పాలమూరు జనం బస్సులెక్కి ముంబైకి, పుణెకు వలస పోయిన్రు. అద్దాల మేడ మనది కాదా అంటే, మన భూమి మీదనే లేచింది. అందులో మనోళ్లు ఎందరు కూసున్నరు అనేదే ఆనాటి మన ప్రశ్న.

రాష్ట్రం వచ్చింది. మిషన్ భగీరథ పైపుల కోసం ఊరూరికి కందకాలు తవ్వుతున్నప్పుడు, అదే కందకంలో నెట్టు తీగకు గొట్టం కూడా ఏసిన్రు. మంచి ఆలోచన అది. ఒక్క తవ్వకంతోటి రెండు పనులు. టీ-ఫైబర్ అని సంస్థ పెట్టిన్రు. భారత్‌నెట్ రెండో దశ పనిని రాష్ట్రమే మీదేసుకున్నది. ఏండ్లు గడిచినయి. 2024 డిసెంబర్‌లో పెద్దపల్లి, సంగారెడ్డి, నారాయణపేట జిల్లాల్లో ఒక్కో ఊరిని తీసుకొని ఇంటింటికి కనెక్షన్ ఇచ్చే ప్రయోగం మొదలైంది. నీళ్లు వచ్చిన కందకం నుంచే నెట్టు రావడానికి ఇంత కాలం పట్టింది.

ఆలస్యాన్ని అడుగుదాం, తప్పదు. కానీ మేం అడిగే అసలు ప్రశ్న ఇంకోటి ఉన్నది. రేపు తెల్లారేసరికి ప్రతి ఇంటికి తీగ వచ్చిందనుకుందాం. అప్పుడు ఏమైతది? ఊరి చేతికి ఏమొస్తది?

తెర మీద పేరు, చేతిలో సున్న

మేం ఒక మండల కేంద్రంలో కండ్లార చూసిన ముచ్చట చెప్తం. ఒక పెద్దాయన, డెబ్బై ఏండ్లు ఉంటయి. రెండెకరాల రైతు. ధరణిలో తన భూమి ఎట్లున్నదో చూడుమని ఒక ఆన్‌లైన్ సెంటర్ కిటికీ దగ్గర నిలబడ్డడు. లోపలి పిలగాడు తెర చూసి, "తాతా, నీ సర్వే నంబరు రావట్లే" అన్నడు. "ఎందుకు రాలే బిడ్డా?" అన్నడు తాత. "నాకేం తెల్సు, అండ్ల రావట్లే" అన్నడు. పైసలు తీసుకున్నడు. తాత ఆ తెరను చూడలేదు. కాయితం మీద ఏం వచ్చిందో చదువుకోలేదు. భూమి ఉన్నదో పోయిందో తెల్వని బెంగతోటి బస్టాండుకు నడుచుకుంట పోయిండు.

2020 సెప్టెంబర్‌లో ఊరి వీఆర్వో వ్యవస్థ తీసేసిన్రు. అక్టోబర్ 29న ధరణి తెచ్చిన్రు. వీఆర్వోలల్ల మంచోళ్లు ఉన్నరు, లంచగొండ్లూ ఉన్నరు. కానీ అడగడానికి ఒక మనిషి ఉండె. మనిషి పోయి తెర వచ్చింది. తెరను అడుగుడు ఎట్లనో ఎవ్వరూ నేర్పలేదు. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు మారింది, చట్టం మారింది. కిటికీ బయట నిలబడ్డ తాత మాత్రం మారలేదు.

ఉపాధి కూలీల కథ కూడా ఇదే. 2023 జనవరి 1 నుంచి పని జాగలల్ల ఫోన్ యాప్‌తోటి రెండు పూటలా ఫోటో హాజరు తప్పనిసరి చేసిన్రు. చెరువు శిఖంలో సిగ్నల్ దొరకక మేటు ఫోన్ పట్టుకొని గుట్టెక్కుడు మేం చూసినం. ఫోటో ఎక్కకపోతే హాజరు లేదు. పొద్దంత మట్టి తవ్విన మనిషి పని చెయ్యనట్టు లెక్క. 2025 డిసెంబర్‌లో ఆ చట్టం స్థానంలో కేంద్రం కొత్త చట్టం తెచ్చింది. అది కూడా వేలిముద్ర మీద, మొబైల్ పర్యవేక్షణ మీదనే నడుస్తది. అంటే రేపటి కూలికి కూడా నెట్టే మేస్త్రీ.

"అందరి దగ్గర ఫోన్లున్నయి గదా!"

మేం ఈ మాట చెప్తే కొందరు అధికారులు నవ్వుతరు. "ఎవని చేతిలో చూసినా స్మార్ట్‌ఫోనే ఉన్నది, డాటా సస్తా అయింది, ఇంకా నేర్పేదేమున్నది?" అంటరు. లెక్క చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడన్న ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు నూటికి 26.5 మంది. మగవాళ్లు 57.4 మంది. ఈ అయిదారేండ్లల్ల లెక్క పెరిగే ఉంటది, కాదనం. కానీ తేడా యాడ ఉన్నదో చూడండి. ఇంట్ల ఒకటే ఫోనైతే అది ఇంటాయన జేబులో ఉంటది. ఆయన పొలం పోతే దానితోటి పోతది. బిడ్డ చదువు ఆగుతది, ఇల్లాలి పింఛను మెసేజ్ ఎవ్వరూ చదువరు.

కరోనా కాలం యాదికి చేసుకోండి. 2020 సెప్టెంబర్ 1న మన సర్కారు బడి పాఠాలు డిజిటల్‌గ మొదలుపెట్టింది. ఏ దారిలో? దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ చానళ్ల మీద. ఎందుకంటే నెట్టును నమ్ముకుంటే సగం పిల్లలు బయటనే మిగులుతరని సర్కారుకు తెల్సు. టీవీ పాఠం చెప్తది, కానీ పిల్ల లేపిన చెయ్యి దానికి కనపడదు.

రీల్స్ చూసుడు డిజిటల్ అక్షరాస్యత కాదు. తన ఖాతా తనే చూసుకోగలగాలె. దరఖాస్తు తనే నింపగలగాలె. వచ్చిన మెసేజ్ బ్యాంకుదా, దొంగదా తెల్సుకోగలగాలె. ఓటీపీ అడిగితే చెప్పొద్దని, పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని తెల్వాలె. తీగ ఏసి ఇవి నేర్పకపోతే, దొంగకు మన ఇంటిదాక రోడ్డు ఏసినట్టే!

సర్టిఫికెట్ల చదువు

సర్కారు నేర్పలేదా అంటే, నేర్పిందనే రికార్డున్నది. 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అని మొదలుపెట్టిన్రు. ఆరు కోట్ల పల్లె కుటుంబాలల్ల ఇంటికి ఒక్కరికి, 20 గంటల శిక్షణ. 2024 మార్చి 31 నాటికి పథకం ముగిసింది. 6.39 కోట్ల మందికి శిక్షణ అయిందని లెక్క. పరీక్ష పాసై సర్టిఫికెట్ పొందినోళ్లు 4.78 కోట్ల మంది.

తక్కువ అంకె కాదు. కానీ ఇంటికి ఒక్కరు అంటే ఎవరు పోతరు? అప్పటికే ఫోన్ నొక్కొచ్చిన పిల్లగాడు పోతడు. అవ్వ పోదు, కోడలు పోదు. 20 గంటలు అయినంక యాది మరిస్తే మళ్ల ఎవరిని అడగాలె? శిక్షణ ఇచ్చే సెంటరుకు తలకు ఇంత అని పైసలు. తలలు లెక్కపెట్టే పథకంలో తలలే పెరుగుతయి, తెలివి పెరుగుతదన్న భరోసా లేదు. గ్రామసభను అడిగి పెట్టింది కాదది. ఊర్లో ఎవరికి నేర్పిన్రో ఊరికే తెల్వది.

కేరళ చేసిన పని

మరి వేరే దారి ఉన్నదా? ఉన్నది. తిరువనంతపురం జిల్లాలో పుల్లంపార అనే పంచాయతీ. అక్కడి ఉపాధి కూలీలు కూలి పడ్డదా లేదా చూసుకోవడానికి పని ఇడిచిపెట్టి బ్యాంకు ముందట నిలబడుతున్నరు. ఈ తిప్పలు చూసి పంచాయతీనే 2021లో పని మొదలుపెట్టింది. ఇల్లిల్లు తిరిగి ఎవరికి రాదో రాసుకున్నరు. నేర్పడానికి క్లాసురూము కోసం చూడలేదు. పని జాగకు పోయిన్రు, ఇంటికి పోయిన్రు, కుటుంబశ్రీ మహిళల మీటింగులకు పోయిన్రు. నేర్పినోళ్లు ఎవరు? విద్యార్థులు, సంఘం మహిళలు, ఊరి యువకులు. 2022లో దేశంలోనే మొదటి సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత పంచాయతీగ ప్రకటించుకున్నరు. అదే పద్ధతిని రాష్ట్రమంతా తీసుకపోయి, రెండున్నర లక్షల మందికి పైగా వలంటీర్లతోటి, దాదాపు 22 లక్షల మందికి నేర్పి, 2025 ఆగస్టులో రాష్ట్రాన్నే ప్రకటించిన్రు. దీని ఎన్క ఇరవై ఏండ్ల పునాది ఉన్నది. 2002లోనే మలప్పురం జిల్లాలో అక్షయ కేంద్రాలు పెట్టి ఇంటికొకరికి కంప్యూటర్ నేర్పుడు షురూ చేసిన్రు.

కేరళలో అంతా పూలబాటనే అనుకోకండి. వాళ్ల సర్కారు తీగ, కే-ఫోన్, 20 లక్షల పేద ఇండ్లకు ఉచితంగ ఇస్తమని చెప్పి, 2023 జూన్‌లో మొదలైన నాడు మొదటి విడతకు పెట్టుకున్న లెక్క 14 వేల ఇండ్లే. అక్కడ తీగ ఎన్క పడ్డది, మనిషి ముందట పడ్డడు. మనకాడ తీగన్న భూమిలో ఉన్నది, మనిషి గురించి ఆలోచనే లేదు. రెండూ కల్వాలె.

మాచనూరు మన ఇంటి దీపం

కేరళ దాక ఎందుకు, మన జహీరాబాద్ దగ్గర మాచనూరు ఉన్నది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల చివర్లోనే రేడియో స్టూడియో కట్టుకున్నరు. మైకు పట్టుడు, రికార్డు చేసుడు, కత్తిరించి అతుకుడు అన్నీ నేర్చుకున్నరు. బడి ముఖం సరిగ చూడనోళ్లు! విత్తనాల ముచ్చట, పండుగల పాట, పశువుల రోగం, అన్నీ తమ యాసలోనే. కానీ గాలిలోకి వదలడానికి సర్కారు లైసెన్సు ఇయ్యలే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఏండ్లకేండ్లు ఎదురుచూసి, 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మోగింది.

మాచనూరు మనకేం చెప్తున్నది? చదువు రాదని యంత్రానికి దూరం పెట్టిన మనుషులే ఆ యంత్రాన్ని నడిపిన్రు. ఎప్పుడు నడిపిన్రు? అది మాది అనుకున్నప్పుడు. తమ మాటలో తమ పనికి వచ్చినప్పుడు. గాలి తరంగమే ప్రజల ఆస్తి అయితే, ప్రజల పైసతోటి ప్రజల భూమిలో పాతిన తీగ ఎవరి ఆస్తి?

చెరువుకు నీరటికాడు

మిత్రులారా, మనది చెరువుల దేశం. కాకతీయులు తవ్వించిన చెరువులు వందల ఏండ్లు ఎట్ల నిలిచినయి? కట్ట గట్టిగున్నందుకే కాదు. తూము తెరిచేటందుకు, ఏ మడికి ఎన్ని నీళ్లో పంచేటందుకు నీరటికాడు ఉండె. ఊరంతా కలిసి కాల్వ పూడిక తీసే కట్టుబాటు ఉండె. నీరటికాడు పోయినంక, కట్టుబాటు పోయినంక చెరువు నిండినా చివరి మడి ఎండింది. నెట్టు కూడా గంతే. కట్ట కట్టిన్రు, నీళ్లు వచ్చినయి. తూముకాడ మనిషి లేడు. చివరి మడి ఎవరిది? దళితవాడది, తండాది, గోండు గూడెంది.

అందుకే మేం నాలుగు డిమాండ్లు ఈ సదస్సు ముందట పెడుతున్నం.

ఒకటి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి స్థాయీ సంఘాలు ఉన్నయి. పారిశుధ్యానికి, వీధి దీపాలకు, మొక్కలకు, పనులు-సంతలకు. వీధి దీపానికి సంఘం ఉన్నప్పుడు నెట్టుకు ఎందుకుండొద్దు? అయిదో సంఘం పెట్టాలె. సగం మంది ఆడవాళ్లు ఉండాలె. తాళం చెవి, ఫిర్యాదు నంబరు, మరమ్మతు బాధ్యత దాని చేతిలో పెట్టాలె.

రెండు. ప్రతి ఊర్లో జీతమిచ్చి ఒక నెట్టు నీరటికాన్ని పెట్టాలె. నీరటికత్తె అయితే ఇంకా మంచిది. గ్రామైక్య సంఘాల్లో లెక్కలు రాసే చెల్లెండ్లు ఎంతమంది లేరు! పట్నం కంపెనీ మనిషి నెలకోసారి వచ్చిపోతే తీగ బతకది.

మూడు. నేర్పుడు ఇంటికొకరికి కాదు, అడిగిన ప్రతి ఒక్కరికి. తెలుగులో, లంబాడీలో, గోండీలో. పని జాగకాడ, సంఘం మీటింగుకాడ, బడిలో సాయంత్రం పూట. తన భూమి, తన కూలి, తన పింఛను తనే తెర మీద చూసుకున్ననాడే ఒక మనిషికి వచ్చినట్టు లెక్క.

నాలుగు. సామాజిక తనిఖీ. ఉపాధి పనుల లెక్కలు ఊరి నడుమ చదివి వినిపించే పద్ధతి దేశానికి నేర్పినోళ్లల్ల మనం ముందటున్నం. చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలె. ఆ సభలో నెట్టు లెక్క కూడా చదవాలె. ఎన్ని రోజులు నడిచింది, ఎన్ని రోజులు తెగింది, బడికి వచ్చిందా, దవాఖానకు వచ్చిందా, తండాకు వచ్చిందా? 'సర్వీస్ రెడీ' అని ఢిల్లీ కాదు, 'నడుస్తున్నది' అని ఊరు చెప్పాలె.

ఎవరి పని వాళ్లది

2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలయినయి. దాదాపు రెండేండ్లు సర్పంచులు లేక స్పెషల్ ఆఫీసర్ల పాలనలో ఉన్న పన్నెండు వేలకు పైగా ఊర్లకు కొత్త పాలకవర్గాలు వచ్చినయి. కొత్త సర్పంచును తొలి గ్రామసభలోనే అడిగే ముచ్చట ఇది.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఉద్యమంలో మీరు ఊరూరికి పోయి మ్యాపు చూపించి నీళ్ల లెక్క చెప్పిన్రు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాడకట్టులో పది మందికి నేర్పండి. మొదలు మీ అమ్మకు నేర్పండి. ఫోన్ గుంజుకొని మీరే నొక్కి ఇచ్చుడు నేర్పుడు కాదు. ఆమె వేలుతోటి ఆమెనే నొక్కనియ్యండి. ఇది మీ హక్కుల ముచ్చట కూడా. హాస్టల్ ఫోన్ ఆంక్షల మీద ఒక విద్యార్థిని కొట్లాడితే, ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చింది.

ఉద్యోగ మిత్రులారా! 42 రోజులు జీతం ఇడిచిపెట్టి కొట్లాడినోళ్లు మీరు. మీ మీద మాకు చనువున్నది, అందుకే అంటున్నం. "సర్వర్ డౌన్" అనే మాట కిటికీ ఇవతల నిలబడ్డ మనిషికి తలుపు మూసినట్టు ఇనపడ్తది. ఎందుకు డౌన్ ఉన్నదో, మళ్ల ఎప్పుడు రావాల్నో, దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఒక్క మాట చెప్పండి. తెరను అటు మలిపి ఆయన పేరు ఆయనకు చూపించండి. ఖర్చు లేని పని అది.

మా తప్పు కూడా ఒప్పుకోవాలె. మేం ఫైబర్ అంటే ప్రారంభోత్సవం ఫోటో ఏసినం, కోట్ల లెక్క రాసినం. మూలకున్న పెట్టె తాళం చెవి ఎవరి దగ్గరున్నదని రాయలేదు. ఇగ రాస్తం. మీ ఊరి పెట్టె ముచ్చట మాకు రాసి పంపండి, ఈ పేజీల్లోనే అచ్చేస్తం.

తెలంగాణ వస్తే ఏమొస్తదని ఆనాడు ఎద్దేవా చేసినోళ్లకు మనం ఒక్కటే చెప్పినం, మా ముచ్చట మేమే తేల్చుకునే హక్కు వస్తది అని. రాష్ట్రం పట్నానికి వచ్చి ఆగితే ఎట్లనో, తీగ పంచాయతీ ఆఫీసుకు వచ్చి ఆగితే అట్లనే. ఆ కిటికీ బయట నిలబడ్డ తాత, లోపలి పిలగాన్ని అడగకుండ, తన సర్వే నంబరు తనే చూసుకొని, తప్పుంటే ఇది తప్పని తనే గ్రామసభలో లేచి చెప్పిననాడు తీగ ఊరి చేతికి వచ్చినట్టు. అప్పటిదాక కొట్లాడుదాం.

జై తెలంగాణ!